నాలుగో పాఠం దాటని బావ, బావమరిది

బన్సీలాల్‌పేట్, సికిందరాబాద్
8 జూలై 2002

సులభ భాషా సాఫ్ట్‌వేర్స్ వారికి,

లోవరాజు నమస్కరించి రాసుకునే విన్నపం.

మీరు తయారుచేసిన ‘మీ వేగంలో చైనీస్’ సీడీ కొన్న పుణ్యాత్ముల్లో మేమూ ఉన్నాం. మేమంటే నేనూ, మా అక్క కనకలక్ష్మి భర్త జోగారావుగారూ. మాది యలమంచిలి పక్క పల్లె. బావగారే నన్ను ఈ ఊరు తీసుకొచ్చి, బొల్లారంలో కంప్యూటర్లకు యూపీఎస్‌లు చేసే తమ కంపెనీలో పెట్టించారు. ఆయన స్టోర్స్ చూస్తారు, నేను కొనుగోళ్ళు చూస్తాను. కింది వాటాలో వాళ్ళు, పై వాటాలో నేను. కంప్యూటర్ మాత్రం కింద హాల్లో ఉంటుంది.

చైనా నుంచి వచ్చే పెట్టెల మీద ఏం రాసుందో చదువుదామని సరదాగా మొదలుపెట్టాం. మొదటి మూడు పాఠాలూ బావగారు పొద్దున దాటితే నేను సాయంత్రం దాటాను. తరువాత మా ఎండీగారు ఒక ప్రకటన చేశారు. దసరా లోపు మీ సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళను రెండేళ్ళపాటు చైనాలోని షెంజెన్ పంపుతారట. ఒకరికంటే ఎక్కువమంది తెస్తే సర్వీసు ఎక్కువున్నవారు వెళ్తారట. సర్వీసులో బావగారే పెద్ద కాబట్టి పేచీ లేదు.

పేచీ అంతా మీ తెర మీదుంది. సీడీ తెరవగానే పేర్ల పలక వస్తుంది. ఎవరు ఎక్కువ పాఠాలు దాటితే వారి పేరు పైకి పోతుంది. బావగారు నాలుగో పాఠం దగ్గర ఆగిపోయారు. అదే, బజారులో ‘ఇది ఎంత’ అని అడిగే పాఠం. నేను దాటానంటే నా పేరు ఆయన నెత్తిమీద కూర్చుంటుంది. హాల్లోకి వచ్చిన ప్రతివాడూ చూస్తాడు. పైగా ఎవరైనా పాసైతే మీ సాఫ్ట్‌వేర్ గంట కొట్టి టపాకాయలు పేలుస్తుంది. అందుకని ఆయన పేరు ఎప్పుడూ పైనే ఉండేట్టు ఏదైనా ఏర్పాటు చేయగలరు.

ఇట్లు,
పలకలో రెండో పేరువాడు,
లోవరాజు

తా.క.: ఈమెయిల్ చేద్దామనుకున్నాను. నా మెయిల్ పాస్‌వర్డ్ బావగారు పెట్టిందే. అందుకే ఉత్తరం.

*

సరోజినీదేవి రోడ్, సికిందరాబాద్
15 జూలై 2002

శ్రీ లోవరాజుగారికి,

మా ఉత్పత్తిపై మీరు చూపిన ఆదరణకు ధన్యవాదాలు. పేర్ల పలక వరుస పాఠాలను బట్టి దానంతటదే మారుతుంది. వయసు, వరస, సర్వీసు చూసే సదుపాయం ప్రస్తుత వెర్షన్లో లేదు. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు, ఎంత వీలైతే అంత నేర్చుకోవచ్చన్నదే మా సాఫ్ట్‌వేర్ ప్రత్యేకత. దయచేసి మీరు ముందుకు సాగండి.

ఒకే పాఠం దగ్గర ఇద్దరూ ఆగారంటే మాకు మీ మాటలు వినే మైకు మీద అనుమానంగా ఉంది. మా టెక్నీషియన్ సోమయ్యను పంపుతున్నాం.

మీ సేవలో,
జెనిఫర్
వినియోగదారుల విభాగం

తా.క.: పేరు పైన ఉంటే ఏమిటి, కింద ఉంటే ఏమిటండీ? అది రేషన్ కార్డు కాదు కదా.

*

బన్సీలాల్‌పేట్
29 జూలై 2002

జెనిఫర్‌గారికి నమస్కారాలు.

మీ సోమయ్య వచ్చి వెళ్ళాడు. మనిషి మంచివాడే. మైకు విప్పి, ఊది, మళ్ళీ బిగించి, “పరేషాన్ గాకున్రి అన్నా, మైకు మంచిగనే ఉంది. మీ నోర్లే జెర సెట్ గావాలె” అన్నాడు. అక్క ఇచ్చిన టీ తాగాడు. అక్కడితో లేచి వెళ్ళినా బాగుండేది.

వెళ్ళేముందు అంతా సరిగ్గా ఉందో లేదో చూస్తానని తన పేరు కొట్టి, మీ కంపెనీవాళ్ళకు తెలిసిన మీటలేవో నొక్కి, నేరుగా ఐదో పాఠంలోకి దూకాడు. గంట మోగింది. టపాకాయలు పేలాయి. చుట్టుపక్కలవాళ్ళు చూడడానికి వచ్చారు. ఇప్పుడు మా పలకలో మొదటి పేరు సోమయ్య, రెండో పేరు జోగారావు, మూడో పేరు నాది. చైనీస్ విషయంలో మా ఇంటికి పెద్ద ఇప్పుడు మీ టెక్నీషియనే.

బావగారు నవ్వి ఊరుకున్నారు. నాకే చిన్నతనమైపోయింది. ఆయన కూర్చునేదాకా నేను కూర్చోని మనిషిని. ఆయన గొంతు సవరించుకుంటే మంచినీళ్ళు తెచ్చిస్తాను. ఆయన పాఠం అప్పజెప్తుంటే వెనక నిలబడతాను, తప్పు పోతే కిటికీలోంచి బయటకి చూస్తాను. రోజూ అదే ‘ఇది ఎంత’ దగ్గర ఆయన్ని తప్పని చెప్పే ఎర్ర దీపం ఆపేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది. మీరు దయతలిచి నాలుగో పాఠం వరకు ఆయనకు కొంచెం చూసీ చూడనట్టు పోయేలా సాఫ్ట్‌వేర్‌కి చెప్పలేరా? పరీక్షల్లో కూడా రెండు మూడు మార్కులు కలిపే సంప్రదాయం ఉంది కదా.

విధేయుడు,
లోవరాజు

తా.క.: సోమయ్య పేరు తీసేద్దామని చూశాను. తీసేయాలంటే ముందు ఆరో పాఠం దాటాలట.

*

సరోజినీదేవి రోడ్
12 ఆగస్టు 2002

లోవరాజుగారికి,

మీ ఉత్తరం మా విభాగంలో అందరం ఒకరి తరువాత ఒకరం చదివాం. ఈ రోజుల్లో ఒక పెద్దాయనను ఇంత భక్తిగా చూసుకునేవాళ్ళున్నారంటే సంతోషమేసింది. మంచినీళ్ళు అందించడం, వెనక నిలబడడం, ఎక్కడ పడిపోతారోనని కనిపెట్టుకుని ఉండడం, ఇవన్నీ మాకు అర్థమయ్యాయి. ఆ వయసులో ఒక కొత్త భాష నేర్చుకోవాలన్న ఆయన పట్టుదలకు మా నమస్కారాలు చెప్పండి.

మార్కులు కలపడం కుదరదు గాని, అంతకంటే మంచి ఉపాయం ఉంది. మా దగ్గర ‘పెద్దల ప్రత్యేక ముద్రణ’ అని ఒకటుంది. అక్షరాలు అరచెయ్యంత ఉంటాయి. గొంతు గట్టిగా, నిదానంగా వినిపిస్తుంది. మధ్యమధ్య విశ్రాంతి ఇస్తుంది. రిటైరైనవాళ్ళంతా చైనా యాత్రలు చేస్తారని మా డైరెక్టర్‌గారు తయారు చేయించారు. ఇంతవరకు ఎవరూ చేయలేదు. దాన్ని మా కానుకగా జోగారావుగారి పేరనే నేరుగా ఇంటికి పంపుతున్నాను.

శుభాకాంక్షలతో,
జెనిఫర్

తా.క.: దీన్లో గంట, టపాకాయలు లేవు. గుండెకు మంచిది కాదని తీసేశాం.

*

బన్సీలాల్‌పేట్
9 సెప్టెంబరు 2002

అమ్మా జెనిఫర్‌గారూ,

మీకో నమస్కారం, మీ కానుకకు వెయ్యి నమస్కారాలు.

మా బావగారి వయసు నలభై రెండు. ప్రతి ఆదివారం తిరుమలగిరి గ్రౌండులో వాలీబాల్ ఆడి వస్తారు. జుట్టుకు రంగు వేస్తారు గాని, ఆ మాట మా ఇంట్లో ఎవరం అనం.

మీ పార్సెల్ ఆదివారం నాడు విప్పారు. ‘లోవరాజుగారి ఉత్తరం మేరకు’ అని పైనే రాసుంది. ఆ వేళకి మా కంపెనీలో డిస్పాచ్ చూసే ఇవాన్ భార్యతో సహా భోజనానికి వచ్చి ఉన్నాడు. బావగారు సీడీ పెట్టారు. బజారు చివరిదాకా వినబడేంత గొంతుతో కంప్యూటర్, “తాతగారూ! మందులు వేసుకున్నారా?” అంది. అవునా, కాదా చెప్పేవరకు అది ముందుకు పోదట. మళ్ళీ అడిగింది. ఇవాన్ పకపకా నవ్వాడు. వాడి భార్య నోటికి పమిట అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావగారు ‘అవును’ నొక్కారు. “శెభాష్! ఇప్పుడు కాస్త నడుం వాల్చండి” అంది.

ఆయన లేచి నావైపు తిరిగి, “ఏటోయ్ లోవా, నాను ముసిలోణ్ణని ఉత్తరాలు రాస్తన్నావేటి? నాకు రాదని ఊరంతా చాటేస్తన్నావా?” అన్నారు. అంతే, మళ్ళీ మాట లేదు. ఏదైనా చెప్పాలంటే అక్కతో అంటున్నారు. “మీ తమ్ముడికి జీతాల స్లిప్పులొచ్చాయని చెప్పు” అంటారు, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే. అక్క మా ఇద్దరి మధ్యా టెలిఫోన్ ఎక్స్ఛేంజీ అయిపోయింది.

మీకో సంగతి చెప్పుకోవాలి. ఇంట్లో చెప్పలేనిది ముక్కూ మొహం తెలియని మీకు చెప్పడం సులువుగా ఉంది. నాకు నాలుగో పాఠం వచ్చు. ఐదు, ఆరు, చివరిదైన పన్నెండు కూడా వచ్చు. సీడీతో వచ్చిన పాఠాల పుస్తకం పైకి తీసుకెళ్ళి చదివేశాను. కిందికి వచ్చి, ఎర్ర దీపం వెలిగేట్టు కావాలని తప్పు చెప్తున్నాను. ఆయన దాటేసి వెళ్ళిపోతే బాగుండునని రోజూ దండం పెట్టుకుంటున్నాను.

అయితే నాకు వెళ్ళాలని లేదా అంటే, ఉందండీ. చాలా ఉంది. నేను ఈ ఊరొచ్చింది మొదలు అందరూ నన్ను ‘జోగారావుగారి బావమరిది’ అనే పిలుస్తారు. ఎండీగారూ అంతే, గేటు దగ్గర వాచ్‌మనూ అంతే. షెంజెన్‌లో నన్నెవరూ అలా పిలవరు కదా అనిపిస్తుంది. ఆ వెంటనే, అన్నం పెట్టినవాడి తల మీదుగా అడుగేసి వెళ్ళేవాడికి పేరెందుకనీ అనిపిస్తుంది. దసరా దగ్గర పడుతోంది. ఏం చేయాలో తోచడం లేదు.

దిక్కుతోచని,
లోవరాజు

తా.క.: ఆ సీడీ రోజుకోసారి తనంతట తనే మొదలై మందుల సంగతి అడుగుతోంది. ఆపడం మాకెవరికీ రాదు. చివరికి అక్క వెళ్ళి ‘అవును’ నొక్కి వస్తోంది.

*

సరోజినీదేవి రోడ్
16 సెప్టెంబరు 2002

లోవరాజుగారూ,

సిగ్గుతో చచ్చిపోతున్నాను. మీరు చూపించే మర్యాద చూసి ఆయనకు ఎనభై ఏళ్ళైనా ఉంటాయనుకున్నాను. నలభై రెండేళ్ళ మనిషికి మంచినీళ్ళు అందిస్తారని నాకెలా తెలుస్తుంది? మా ఇంట్లో ఎవరి గ్లాసు వాళ్ళే కడుక్కుంటారు.

కంపెనీ తరఫున కాదు, నా తరఫున ఒక మాట. మా ఆఫీసుకు రండి. ఇక్కడ పరీక్ష పెడతాం. ఇక్కడ గంట మోగదు, మీ పలక మారదు. సర్టిఫికెట్ కవర్లో పెట్టి ఇస్తాను. ముందు బావగారితో ఒక్కసారి మాట్లాడండి. “నాకు వెళ్ళాలని ఉంది” అనండి. అంతకంటే పెద్ద మాటలు అక్కర్లేదు. నాకంటే ముందు మా చెల్లెలు ఆలిస్ పెళ్ళి జరిగింది. చేసుకోమని నేనే పట్టుబట్టాను. నాకు బాధ లేదు. అదే ఇప్పటికీ నా ఎదుట పట్టుచీర కట్టుకోవడానికి జంకుతుంది. దాటి వెళ్ళినవాళ్ళే ఎక్కువ బాధపడతారని నాకు తెలుసు. అయినా వెళ్ళాలండీ.

మీ మేలు కోరే,
జెనిఫర్

తా.క.: సీడీ ఆపాలంటే తాతగారి పుట్టినరోజు నింపాలి. ఆయన చేత మాత్రం నింపించకండి.

*

బన్సీలాల్‌పేట్
28 అక్టోబరు 2002

జెనిఫర్‌గారికి,

మీ ఉత్తరం అందింది. దసరా కూడా వచ్చి వెళ్ళిపోయింది. షెంజెన్‌కు ఇవాన్ వెళ్తున్నాడు.

అవునండీ, మా ఇంట్లో పప్పుచారు తాగి, తాతగారి మందుల భాగోతం చూసి నవ్వు ఆపుకోలేకపోయిన అదే ఇవాన్. వాడెక్కడ, ఎప్పుడు నేర్చుకున్నాడో ఎవరికీ తెలియదు. ఆయుధపూజ నాడు సర్టిఫికెట్ తెచ్చి ఎండీగారి చేతిలో పెట్టాడు. మిషన్లకు బొట్టు పెడుతున్న చేత్తోనే ఆయన వాడి భుజం తట్టారు. నేను కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాను. అవతలి పక్క బావగారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు. నేను ఆయనవైపు చూశాను. ఆయన నావైపు చూడలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. కర్పూరం పొగ అనుకున్నాను.

మీరు చెప్పినట్టు మాట్లాడదామనే రెండుసార్లు కిందికి దిగాను. ఒకసారి ఆయన పేపరు చదువుకుంటున్నారు. ఒకసారి పేపరు లేదు, అయినా నాకు నోరు రాలేదు. మీ ఆఫీసుకు వద్దామని ఒక రోజు ప్యారడైజ్ సెంటర్ దాకా వచ్చి కూడా వెనక్కి తిరిగాను. ఆయనకు తెలియకుండా కవర్లో తెచ్చుకునే సర్టిఫికెట్ దొంగసొత్తులా అనిపించింది. ఇప్పుడు అనుకుంటే, ఆ నాలుగడుగులు వేసి ఉంటే ఏం పోయేది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నా బాధ ఇవాన్ వెళ్తున్నందుకు కాదు. ఆయనకు నిజంగా రాలేదు కాబట్టి ఆగిపోయారు. నాకు వచ్చి కూడా ఆగిపోయాను. మరి నేను ఆగినందువల్ల ఆయనకేం ఒరిగింది? ఏమీ లేదు. పైగా మాటలు కూడా పోయాయి. చైనీస్ పన్నెండు పాఠాలు నేర్చుకుని, ఇంట్లో తెలుగులో మాట్లాడే మనిషిని పోగొట్టుకున్నాను. పాత సీడీ తిరిగి పంపేస్తున్నాను. ఎవరికైనా ఇవ్వండి. ఒక్కడే ఉన్న ఇంటికి ఇవ్వండి.

ఇక సెలవు,
జోగారావుగారి బావమరిది

తా.క.: పెద్దల సీడీ కూడా పంపుదామని వెతికితే కనబడలేదు. అక్కనడిగితే నాకేం తెలుసంది. పలకలో సోమయ్య ఇంకా మొదటి స్థానంలోనే ఉన్నాడు. ఆయనకు నా అభినందనలు.

*

సరోజినీదేవి రోడ్
4 నవంబరు 2002

లోవరాజుగారికి,

పెద్దల సీడీ మా దగ్గరుంది. వెతకకండి.

శనివారం సాయంత్రం దాన్ని సంచిలో పెట్టుకుని ఒకాయన వచ్చారు. నల్లటి జుట్టు, మంచి పొడుగు. “నాను జోగారావునండి. తాతగార్నండి” అని పరిచయం చేసుకున్నారు. నేను గబుక్కున లేచి క్షమించమన్నాను. ఆయన నవ్వి, వాపసు ఇచ్చేముందు ఇది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోండన్నారు. మా డెమో కంప్యూటర్లో పెట్టాను. అది ఎప్పటిలాగే మందులు వేసుకున్నారా అని అరిచింది. ఆయన మైకు దగ్గరికి జరిగి, వేసుకున్నాను, నీ ఆరోగ్యం ఎలా ఉంది అని చైనీస్‌లో అడిగారు.

అక్కడినుంచి ఆగలేదు. నాలుగో పాఠం, ఐదు, ఆరు, చివరిదాకా వెళ్ళారు. ఒక్క ఎర్ర దీపం వెలగలేదు. సోమయ్య తన టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా, “ఏందీ సార్, మీకు రాదంటిరి గద!” అన్నాడు.

అదే నేనూ అడిగాను. ఎవరికీ చెప్పొద్దు, ఒట్టు వేయమంటూనే అంతా చెప్పేశారు. మా మతంలో ఒట్లు వేయకూడదు కాబట్టి నేను వేయలేదు, అందుకే మీకు రాస్తున్నాను. ఆయన మాటలు ఆయన మాటల్లోనే రాయడం న్యాయం.

“మూడు పాఠాలు సరదాగానే అయిపోనాయండి. ఆ తరవాతే ఎండీగారు సర్వీసున్నోడే ఎళ్తాడన్నారు. నాను పాసైతే నన్నే పంపుతారు. ఆడికి ఇంకేటుంటాది? ఇక్కడందరూ ఆణ్ణి నా బావమరిది అంటారు. ఆడి పేరు ఆడికి రావాలంటే నాను లేని ఊరు ఎళ్ళాలండి. అందుకే నాలుగో పాఠం కాడ కూకున్నాను.”

మరి ఆయనతో ‘నువ్వు వెళ్ళు’ అని ఒక్కమాట అనొచ్చు కదా అన్నాను.

“అంటే ఎళ్తాడేటండి ఆడు? మీరుండగా నానా అంటాడు. రానోడిలా కూకుంటే, ఇసుగెత్తి దాటి ఎళ్తాడనుకున్నాను. ఎళ్ళలేదు. మీ తాతగారి సీడీ వచ్చినప్పుడు నాకూ నవ్వే వచ్చిందండి. కోపం తెచ్చుకున్నాను. తిడితే పౌరుషం వచ్చి అయినా దాటతాడనుకున్నాను. ఆడు పై మెట్టు మీద కూకుని ఏడిసేడని కనకలక్ష్మి చెప్పింది. అప్పుడైనా నాను మేడ మీదికి ఎళ్ళాల్సింది. ఎళ్ళలేదు. ఇప్పుడు మాటాడదామంటే మొకం సెల్లటం లేదండి.”

ఇంకొకటి కూడా చెప్పారు. చెప్పకుండా దాచిపెట్టలేను. ఆయన మధ్యాహ్నం భోజనాల వేళ బొల్లారం స్టోర్ రూము కంప్యూటర్లో సీడీ పెట్టుకుని నేర్చుకునేవారట. ఇవాన్ ఒక రోజు చూసి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడట. నాకు వచ్చని మా బావమరిదికి చెప్పకు అన్నారట. ఇవాన్ చెప్పలేదు. మంచివాడే పాపం. తెలియని చోట ఆగాడు, తెలిశాక వెళ్ళిపోయాడు. ఆగిపోయింది మీరిద్దరే.

నేను ఏం చెప్పగలను? మా సీడీ అట్ట మీద ‘మీ వేగంలో మీరు’ అని అచ్చేసింది మేమే. ఒకరి వేగం కోసం ఇంకొకరు ఇలా ఆగుతారని మాలో ఎవరికీ తోచలేదు. షెంజెన్ అయితే పోయింది. దాన్ని నేను తెచ్చివ్వలేను. పోయింది పోయిందేనని మీరిద్దరూ ఒకే మంచం మీద కూర్చుని బాధపడితే మాత్రం సగం తగ్గుతుందని నా నమ్మకం.

ఆయనకు సర్టిఫికెట్ రాసి ఇవ్వబోయాను. తీసుకోలేదు. “ముందు లోవరాజుది రాయండి, ఆడొచ్చి తీసుకున్నాక నాది” అన్నారు. మీరు వచ్చి ముందు బావగారిదంటారని నాకు తెలుసు. అందుకని రెండు పేర్లూ ఒకే కాగితం మీద, ఒకే వరుసలో, పైనా కిందా లేకుండా రాయించాను. ఇది మా నిబంధనలకు విరుద్ధం. వచ్చే సోమవారం మా డైరెక్టర్‌గారు ఊళ్ళో ఉండరు. ఆ రోజు ఇద్దరూ కలిసి రండి.

మీ ఇద్దరి శ్రేయోభిలాషి,
జెనిఫర్

తా.క.: మా ఆఫీసు ఆరింటికి మూసేస్తాం. గుమ్మం దగ్గర ముందు మీరంటే ముందు మీరని నిలబడిపోకండి. ఒకటే తలుపు గాని, రెండు రెక్కలూ తెరిచి ఉంచుతాను.